ఆ రష్యన్ ఊళ్లో నేను తాగని టీ

అలాస్కాలో నేను పాఠాలు చెప్పే ఊరికి తారురోడ్డు పోదు. కొండ అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి మట్టిదారి మెలికలు తిరుగుతూ దిగుతుంది. వాన పడితే జారుడు, మంచు పడితే గాజు. కారు పైనే వదిలేసి నడిచి దిగాలి, లేదంటే మట్టిలో పోయే నాలుగు చక్రాల బండి మీద ఎవరైనా దించాలి. కొండకూ సముద్రానికీ మధ్య మిగిలిన సన్నటి నేల మీద చెక్క ఇళ్లు, వాటి ముందు సగం కట్టిన పడవలు, ఆరేసిన వలలు, బంగాళాదుంప మళ్లు. పోటు వచ్చినప్పుడు ఒడ్డంతా నీళ్ల కిందికి పోతుంది. నీళ్లకు అవతల మంచు కప్పుకున్న అగ్నిపర్వతాలు కనిపిస్తాయి.

ఆ ఊళ్లో అందరూ రష్యన్లే. ఇంట్లో రష్యన్ మాట్లాడతారు, బళ్లో ఇంగ్లీషు. కొన్ని వందల ఏళ్ల కిందట రష్యాలో చర్చి పెద్దలు పూజా పద్ధతులు మార్చి, శిలువ గుర్తు రెండు వేళ్లతో కాదు, మూడు వేళ్లతో వేసుకోవాలన్నారు. వీళ్ల పూర్వీకులు ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు రాజు మనుషులు తరిమారు, జైళ్లలో వేశారు, కొందరిని బతికుండగానే కాల్చేశారు కూడా. అలా పరుగులు పెడుతూ దేశాలు మారి చివరికి ఈ కొండ కిందికి చేరారు. ఇప్పటికీ రెండు వేళ్లే.

బడి మాత్రం కొండ పైన, రోడ్డు ఆగిపోయే చోట ఉంటుంది. టీచర్ల క్వార్టర్లూ అక్కడే. నాది గుంటూరు జిల్లా. అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మాస్టర్స్ చేయడానికి అమెరికా వచ్చి, చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కుంటూ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో నా కాలేజీ స్నేహితురాలి ఇంట్లో ఉన్నాను. ఆమెది వరంగల్. మొగుడూ పెళ్లాలిద్దరూ సాఫ్ట్‌వేర్. టీచర్లకు హెచ్-వన్ వీసా స్పాన్సర్ చేసే స్కూళ్లు తక్కువ. చేసేవి కూడా ఎవరూ పోని చోట్లే ఉంటాయి. ఆఫర్ వచ్చినప్పుడు మా స్నేహితురాలు ఫోన్‌లో మ్యాప్ చూసి, "ఆడ ఎలుగుబంట్లు తిరుగుతయంట. ఏం పోతవే నువ్వు?" అంది.

"పోతా. వీసా ఇచ్చేది వాళ్లే," అన్నాను.

మొదటి నెలంతా పిల్లల్ని చూస్తూ గడిపాను. ఆడపిల్లలు పాదాల దాకా పువ్వుల గౌన్లు వేసుకుని, చేత్తో నేసిన పట్టీ నడుముకు కట్టుకుని, ఆ పైన మామూలు అమెరికన్ జాకెట్ తొడుక్కుని వస్తారు. మగపిల్లలకు పక్క గుండీల చొక్కాలు. క్యాలెండర్లో లేని పండగలకు బడి మొత్తం ఖాళీ అవుతుంది. ఉపవాసాలున్న వారాల్లో లంచ్ టేబుల్ మీద పాలు, మాంసం ఎవరూ ముట్టుకోరు. చేపల గురించీ పడవ ఇంజన్ల గురించీ వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. అది నాకు నచ్చింది.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు, రష్యా అలాస్కాను అమెరికాకు అమ్మేసిన పాఠం చెబుతున్నాను. ముందు బెంచీలో కూర్చునే పొడుగాటి అమ్మాయి చెయ్యెత్తింది.

"టీచర్, ఆ రష్యన్లు మేమేనా?"

"కాదు. మీవాళ్లు చాలా తర్వాత వచ్చారు. వేరే దారిలో వచ్చారు."

"మరి మేం ఏ పాఠంలో ఉన్నాం?"

పుస్తకం వెనక ఉన్న పేర్ల పట్టీ తిరగేశాను. వాళ్లు ఎక్కడా లేరు. ఆ పిల్ల నా ముఖం వైపు చూసి పుస్తకం మూసేసింది.

నేనూ ఆ వయసులో అలాగే వెతుక్కున్నాను. మా సోషల్ పుస్తకంలో 'మన గ్రామం' అని ఒక బొమ్మ ఉండేది. పంచాయతీ ఆఫీసు, పోస్టాఫీసు, బడి, చెరుకుతోట, ఎడ్లబండి అన్నీ ఉండేవి. మా ఇల్లు మాత్రం ఉండేది కాదు. మా దగ్గర ఊరు వేరు, పల్లె వేరు. ఊరికి తూర్పున, కాలవ దాటాక ఉండేది మాలపల్లె. మేం పల్లెవాళ్లం. 'ఊళ్లోకి పోతన్నా' అంటే అర్థం, మనది కాని చోటికి పోతున్నామని. బొమ్మ గీసినవాడు కాలవ దాకా వచ్చి ఆగిపోయాడు.

అందుకే ఆ రోజు క్లాసులో చెప్పాను. ఈ టర్మంతా మనం మీ ఊరి చరిత్ర, మీ ఊరి భూగోళం రాస్తాం. పెద్దవాళ్లను అడగండి. పటం గీయండి. కొండలూ వాగులూ ఒక్కటే భూగోళం కాదు. మనుషులు ఎక్కడ నడుస్తారో ఎక్కడ నడవరో, దాన్ని ఏది నిర్ణయిస్తుందో అదంతా పటంలో కనిపించాలి.

ఆ పొడుగాటి అమ్మాయి వాళ్ల నాయనమ్మ ఊరికి పెద్దదిక్కు. ఊరు కట్టినప్పటి నుంచీ ఇక్కడే, తన కొడుకులు కట్టిన ఇంట్లో ఉన్న మనిషి. "మా నాయనమ్మ చెబుతానంది. మీరు రావాలంది," అని ఆ పిల్ల నన్ను ఒక శనివారం కిందికి తీసుకెళ్లింది.

ఇల్లు వెచ్చగా ఉంది. తూర్పు మూల దేవుడి పటాలు, కింద ఎంబ్రాయిడరీ గుడ్డ. ముసలావిడ తలకు రుమాలు కట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఆవిడ రష్యన్‌లో చెబుతుంటే మనవరాలు ఇంగ్లీషులోకి మార్చి చెబుతోంది. నన్ను కూర్చోమని, ముందు టీ ఇవ్వమని మనవరాలికి చెప్పింది. బల్ల మీద వాళ్ల కప్పులున్నాయి, నీలం పువ్వులవి, నాలుగైదు. ఆ పిల్ల వాటిని ముట్టుకోలేదు. తలుపు బయట, బూట్లు విడిచే గదిలోకి పోయి, అక్కడి అరలోంచి ఒక కప్పు తెచ్చింది. పెట్రోలు బంకులో ఊరికే ఇచ్చే రకం. అంచు కొంచెం పెచ్చు లేచింది. దాన్లో టీ పోసి నా ముందు పెట్టింది.

నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

మా ఊరి టీ హోటల్లో పల్లెవాళ్లకు వేరే గ్లాసులుండేవి. పందిరి గుంజకు కొట్టిన మేకులకు వేలాడేవి. తీసుకుని, తాగి, కడిగి, మళ్లీ తగిలించాలి. మా అమ్మ పొద్దున్నే కూలికి ఆ హోటలు ముందు నుంచే పోయేది. చలికాలంలో పక్కవాళ్లంతా ఆగి తాగుతుంటే తను ఆగేది కాదు. "మనింట్లో పొయ్యి లేదా?" అనేది. ఎవరైనా డబ్బులిచ్చి తాగిస్తానన్నా అదే మాట. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచేదాన్ని. ఇప్పుడు ఆ గ్లాసులు లేవు, చట్టాలున్నాయి, కేసులయ్యాయి. అయినా ఆ మేకులు నాకు గుర్తే.

"ఈ కప్పు ఎవరిది?" అని అడిగాను.

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. ముసలావిడ ప్రశ్నను మనవరాలి చేత మళ్లీ చెప్పించుకుని, ఏమాత్రం తడబడకుండా జవాబిచ్చింది. "బయటివాళ్లది. మా మతంలో లేనివాళ్లతో మేం గిన్నెలు కలపం."

"అయితే నేను తాగను."

"నువ్వు మురికి మనిషివని కాదు. ఇది మా ఆచారం. కలిపితే మేం చెడతాం."

"మా వైపు కూడా ఇదే చెప్పారు. మీరు తక్కువని కాదు, మా ఆచారం అని. మా అమ్మ ఆ గ్లాసులో తాగలేదు. నేనూ తాగను."

ఆ పిల్ల అనువదించడానికి చాలాసేపు తీసుకుంది. ఏం మార్చి చెప్పిందో, ఏం దాచిందో తెలియదు. ముసలావిడ నా వైపు కళ్లు చిట్లించి చూసింది. "మమ్మల్ని రెండు వేళ్లతో శిలువ వేసుకున్నామని కాల్చారు. మేం మార్చుకోలేదు. నీ కోసం మార్చుకుంటామా?"

"మార్చుకోవద్దు. కానీ అంత పడ్డవాళ్లకు, వేరే కప్పు ముందు పెడితే ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి."

నేను లేచి వచ్చేశాను. చరిత్ర ఒక్క ముక్క కూడా చెప్పించుకోలేదు. 

సోమవారం ప్రిన్సిపాల్ పిలిచాడు. ఒరెగన్ రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన అమెరికన్. మంచివాడే. తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పాడు. "కింద ప్రతి ఇంట్లోనూ నాకో కప్పు ఉంది. నేను దాన్ని సరదాగా తీసుకుంటాను. మీరు అంత బాధపడాల్సింది లేదు."

"మీరు సరదాగా తీసుకోగలరు. మీకు అది ఇక్కడే మొదలు."

ఆయనకు అర్థం కాలేదు. నేను వివరించాను, గ్లాసులూ మేకులూ అన్నీ. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, "కానీ ఇది వేరు కదా," అన్నాడు. తల్లిదండ్రులు అలిగితే పిల్లల్ని మాన్పిస్తారనీ, పిల్లలు తగ్గితే బడి మూతపడుతుందనీ, వచ్చే ఏడాది కాంట్రాక్టు మాట వసంతంలో వస్తుందనీ కూడా చెప్పాడు. బెదిరించడానికి కాదు, ఉన్నది చెప్పడానికే. "ఒకసారి కిందికి పోయి తాగేసి రండి. అయిపోతుంది."

"అవ్వదు," అన్నాను.

ఆ సాయంత్రం ఫ్రిస్కోకి ఫోన్ చేశాను. మా స్నేహితురాలు కార్ డ్రైవ్ చేస్తూ, పిల్లను డాన్స్ క్లాస్ నుంచి పికప్ చేసుకోవడానికి పోతోంది.

"ఏందే నువ్వు. గంత దూరం పోయి గిది పట్టుకున్నవా. ఒక్క కప్పు టీ తాగితే ఏం పోతది? నీ హెచ్-వన్ రెన్యువల్ ఉన్నది, ఆలోచించు. అడ్జస్ట్ కావాలె గదా."

"ఎందుకు అడ్జస్ట్ అవ్వాలి?"

"వాళ్ల కల్చరే. అందరికీ అట్లనే పెడ్తరు అంటున్నవు గదా. నీ ఒక్కదానికే కాదు గదా."

"మనం చదువుకునేటప్పుడు, హైదరాబాద్‌లో మీ అమ్మావాళ్లింట్లో పనామెకి వేరే స్టీలు గ్లాసు ఉండేది, గుర్తుందా? బాల్కనీలో, మొక్కల పక్కన. నేను మీ ఇంటికొచ్చినప్పుడల్లా దాన్ని చూసేదాన్ని."

ఆమె కారు పక్కకు తీసినట్టుంది, ఫోన్‌లో ఇండికేటర్ చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె, "నాకు అది గుర్తే లేదే," అంది. ఇంజన్ ఆపేసి, "ఉండె," అంది. ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత నెలల తరబడి ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

పటాలు మాత్రం ఆగలేదు. పిల్లలు పోటీ పడి గీశారు. ఒకడు సాల్మన్ చేప ఏ నెలలో ఏ మలుపు దగ్గరికి వస్తుందో గీశాడు. ఇంకొకమ్మాయి పోటు వచ్చినప్పుడు ఊరు, పోటు పోయినప్పుడు ఊరు అని రెండు గీసింది. ఆ పొడుగాటి అమ్మాయి ఆ శనివారం తర్వాత నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి అందరికంటే ఆలస్యంగా, చాలా పెద్ద కాగితం మీద తన పటం తెచ్చింది. బల్ల మీద పరిచాక నేను దాని మీదికి వంగి చూశాను.

ఇళ్లన్నీ ఉన్నాయి. కానీ రెండు రంగుల్లో ఉన్నాయి. ఊళ్లో ఒకప్పుడు గొడవ వచ్చి రెండు ప్రార్థన ఇళ్లయ్యాయి. ఒక ప్రార్థన ఇంటివాళ్లు రెండోదాని వాళ్లతో తినరు. ఆ పిల్ల ఎవరు ఎవరితో గిన్నె కలుపుతారో దాన్ని బట్టి రంగులు వేసింది. వాగు దగ్గర ఒక ఇల్లు మాత్రం ఏ రంగూ లేకుండా వదిలింది.

"ఇది?"

"మా బాబాయిది. ఆయన పట్నంలో అందరితో తింటాడు. మా నాయనమ్మ ఇంటికొస్తే, ఆయన గిన్నె కూడా ఆ బూట్ల గదిలోని అరలోనే ఉంటుంది. మీ కప్పు పక్కనే." ఆ మాట అని, నా వైపు మొదటిసారి సూటిగా చూసింది. "మనుషులు ఎక్కడ నడవరో గీయమన్నారు కదా."

తల్లిదండ్రుల రోజుకు పటాలన్నీ హాల్లో పెట్టాలి. ముందురోజు ప్రిన్సిపాల్ చూసి ఆ ఒక్కటి తీసేయమన్నాడు. ఇంటి గుట్టు గోడకెక్కించినట్టవుతుందన్నాడు. నేను ఆ పిల్లను పిలిచి, "ఇది నీ పటం. పెట్టాలా వద్దా నువ్వే చెప్పు. పెట్టకపోయినా నీ మార్కులకు ఏం కాదు," అన్నాను. భయపడుతుందనుకున్నాను.

"పెట్టండి. ఇందులో అబద్ధం ఏదీ లేదు," అంది.

నేనే కుర్చీ ఎక్కి, ద్వారానికి ఎదురుగా, అందరికీ కనపడేచోట అంటించాను. ప్రిన్సిపాల్‌కు మెయిల్ కూడా పెట్టాను, అంటించింది నేనే, పిల్ల కాదు అని.

మర్నాడు ఊరంతా వచ్చింది. గడ్డాల మగవాళ్లు, రుమాళ్ల ఆడవాళ్లు, చంటిపిల్లలు. ఆ పటం ముందు జనం గుమికూడి తమ తమ ఇళ్లు వెతుక్కున్నారు. ముసలావిడ కొడుకు చెయ్యి పట్టుకుని చివర్లో వచ్చింది. జనం పక్కకు జరిగారు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో దారి వెంబడి కిందికి దిగింది, ఇల్లిల్లూ దాటుతూ. రంగు లేని ఇంటి దగ్గర వేలు ఆగింది. మనవరాలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేను ఆ పిల్ల పక్కకు పోయి నిలబడ్డాను.

ప్రిన్సిపాల్ ముందుకొచ్చి, కావాలంటే తీసేస్తాం అన్నాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, తనకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. "ఎందుకు తీయడం? నిజమే కదా. రాజుకే దాచలేదు, బడికి దాస్తామా?" తర్వాత మనవరాలి వైపు తిరిగి రష్యన్‌లో ఏదో అంది. ఆ పిల్ల పెన్సిల్ తీసుకుని పోయి వాగు మలుపు దిద్దింది. వాగు తప్పు గీసిందట.

ఆవిడ నా ముందు ఆగింది. "నా ఇంట్లో తాగనన్నావు."

"తాగను."

"నేను కప్పు మార్చను."

"తెలుసు."

"అయితే బయట నడుద్దాం. బయట ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేదు."

అలా మొదలైంది. ఆటు సమయాల్లో, నీళ్లు వెనక్కి పోయినప్పుడు, తడి ఇసుక మీద మనవరాలితో కలిపి ముగ్గురం నడిచేవాళ్లం. నా టీ నా ఫ్లాస్కులో, ఆవిడది ఆవిడ సీసాలో. ఆవిడ పుట్టింది చైనాలో. వాళ్లమ్మ సైబీరియా కొండల్లోని ఒక చిన్న ఊరిది. పొలాలూ ప్రార్థన ఇళ్లూ ప్రభుత్వం లాక్కునే రోజుల్లో, గడ్డకట్టిన నది మీద నడిచి చైనాలోకి వచ్చేశారు. అక్కడా ఉండనివ్వలేదు. ఓడలో బ్రెజిల్, అక్కడ ఎర్రమట్టిలో మొక్కజొన్న, తర్వాత ఒరెగన్, అక్కడ పట్నం పిల్లల్ని లాగేస్తోందని ఈ కొండ కింద. ప్రతిచోటా అదే ఊరు కట్టారు. ప్రార్థన ఇల్లు ఎత్తు మీద, స్నానాల గది వాగు పక్కన, ఇళ్ల ముఖాలు ఒకే వైపు.

"మీరు ఆ సైబీరియా ఊరు చూశారా?" అని అడిగాను.

"లేదు. మా అమ్మ చూపించింది. చైనాలో మా ఇంటి నేల మీద నడుస్తూ, ఇదిగో ఇక్కడ వాగు, ఇక్కడ మిల్లు, ఇక్కడ మా అత్త ఇల్లు, కుక్కుంటుంది జాగ్రత్త అనేది. మేం పొయ్యి దగ్గరికి పోవాలన్నా ఆ వాగు దాటినట్టు కాలెత్తి పోయేవాళ్లం." నవ్వింది. "ఇప్పుడక్కడ ఏమీ లేదంట. అడివి. ఉంటే ఉండనీ. వాగు ఎక్కడో నాకు తెలుసు."

ఆ మాట నాకు నచ్చింది. అదే ఆవిడతో అన్నాను. అనేసి, "మీ అమ్మ ఊరిని అంత జాగ్రత్తగా మోసుకొచ్చారు కదా, ఆ బూట్ల గది అరను కూడా మోసుకురావాలా?" అని అడిగాను. మనవరాలు అనువదించకుండా ఊరుకుంది. ఆవిడే, చెప్పమని ఆ పిల్లను మోచేత్తో పొడిచింది. విన్నాక, "నువ్వు మొండిదానివి," అంది.

"మీ అంత కాదు."

వసంతంలో కాంట్రాక్టు వచ్చింది. రెన్యువల్ చేశారు. ఎవరి మాట మీద చేశారో నాకు తెలియదు, నేను అడగలేదు. ఒకరిద్దరు పిల్లల్ని మాన్పించారు కూడా. నా వల్లనే అని ఊళ్లో అనేవాళ్లున్నారు. ఉండనీ. ముసలావిడ చిన్నకొడుకు, ఆ రంగు లేని ఇంటాయన, మా క్వార్టర్ హీటర్ బాగుచేయడానికి వచ్చి, నా చేతి టీ తాగి, పంచదార ఎక్కువైందన్నాడు. నేను తాగే గ్లాసులాంటి గ్లాసులోనే ఇచ్చాను. ఆయన అదేం గమనించలేదు. నేను గమనించాను.

ఫ్రిస్కో స్నేహితురాలు చివరికి ఫోన్ చేసింది. సారీ చెప్పలేదు. "అమ్మకు ఫోన్ చేసి ఆ గ్లాసు సంగతి అడిగిన. తప్పేమున్నది అన్నది. గొడవైంది," అంది. "ఎందుకైందో నీకు తెలుసు గదా." చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఈ ఏడాది కొత్త ఎనిమిదో తరగతి పిల్లలు నన్ను పట్టుకున్నారు. మా ఊరు మేం గీశాం, మీ ఊరు మీరు గీయండి టీచర్ అని. బోర్డు మీద గీశాను. కాలవ, బస్టాండు, పంచాయతీ ఆఫీసు, హోటలు. కాలవ ఇవతల ఊరు అని రాశాను. అవతల మాలపల్లె అని రాసి, మా ఇల్లు గీశాను, తాటాకు కప్పుతో ఉన్నప్పటిది. పిల్లలకు ఆ తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని నచ్చాయి. ఒకడు, బస్టాండు ఎందుకు అవతలి వైపు లేదు అని అడిగాడు. ఎందుకో చెప్పాను, ఏదీ తగ్గించకుండా, గంట కొట్టాక కూడా. వాళ్లెవరూ లేవలేదు.

ఆ సాయంత్రం ఊడ్చే ఆమె బోర్డు తుడవబోతే వద్దన్నాను.